కుటుంబానికి రెండు టిక్కెట్లు

"నువ్వెలాగూ అక్కడే ఉంటావు కదా" అన్నారు మా ఆయన.

అప్పుడు నేను ఆయన నీలం చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. గురువారం సాయంత్రం వర్షిత స్కూల్లో బహుమతుల సభ ఉంది. ఆ చొక్కా దానికే. స్కూలు వాళ్ళు పంపిన ఉత్తరం నాలుగు రోజులుగా ఫ్రిజ్ తలుపు మీద వేలాడుతోంది. ఇయర్ టెన్‌లో ఫిజిక్స్ బహుమతి మా అమ్మాయికే వచ్చిందని అందులో రాశారు. హాలు సరిపోదు కాబట్టి కుటుంబానికి రెండే టిక్కెట్లని కూడా రాశారు. స్టేజి ఎక్కే వర్షితని పక్కన పెడితే మేం ముగ్గురం. మా ఆయన పార్థసారథి, ఒంగోలు నుంచి ఆరు నెలల వీసా మీద వచ్చిన మా అత్తగారు సులోచనమ్మ, నేను. ముగ్గురిలో ఎవరు మిగిలిపోతారో తేల్చడానికి ఫిజిక్స్ అక్కర్లేదు.

ఆయన అన్నది అబద్ధం కాదు. నేను ఆ స్కూలు క్యాంటీన్లోనే పని చేస్తాను. సభ అయ్యాక తల్లిదండ్రులకి టీ, కేకు ఇవ్వాలి కాబట్టి గురువారం సాయంత్రం డ్యూటీల రోటాలో నా పేరు కూడా వేశారు. మార్చుకోవచ్చు. కానీ మార్చుకుని ఏ టిక్కెట్టుతో లోపలికి వెళ్ళాలి? అత్తయ్య మాత్రం పాపం, "నాకేం అర్థమవుద్దమ్మా ఆ ఇంగ్లీషు, నువ్వు పో" అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. అమ్మ వీసా ఆగస్టులో అయిపోతుంది, మళ్ళీ ఎప్పుడొస్తుందో ఏమో, మనవరాలు స్టేజి ఎక్కడం చూడొద్దా అన్నారు. దీనికి ఎవరు కాదంటారు? మా ఆయన మాటల్లో ఉన్న కిటుకే అది, కోపం తెచ్చుకుంటే తెచ్చుకున్నవాళ్ళే చెడ్డవాళ్ళవుతారు. చొక్కా హ్యాంగరుకి తగిలిస్తుంటే ఇంకో మాట కూడా చెప్పారు. కావాలంటే వర్షిత పేరు పిలిచినప్పుడు హాలు వెనక తలుపు దగ్గర నిలబడి చూడొచ్చట. కాకపోతే ఆ ఏప్రన్ తీసేసి నిలబడాలట. బాలాజీ వాళ్ళు కూడా వస్తున్నారట.

బాలాజీ ఆయన ఆఫీసులోనే పని చేస్తాడు. భార్య ప్రసన్నలక్ష్మి. వాళ్ళ సిరి కూడా వర్షిత క్లాసే. నేను క్యాంటీన్లో చేస్తానని వాళ్ళకి తెలియక కాదు, సిరికి రోజూ మధ్యాహ్నం అన్నం పెట్టేది నేనే. కానీ ఆ సంగతి వాళ్ళు మా ఇంట్లో ఎత్తరు, మేం వాళ్ళింట్లో ఎత్తం. రెండేళ్ళ స్నేహంలో ప్రసన్న నన్ను సాంబారు పొడి కొలతలు అడిగింది, మా ఆయన జీతం ఎంతుంటుందో చుట్టూ తిప్పి అడిగింది. ఇక్కడికి రాకముందు నేనేం చేసేదాన్నని ఒక్కసారీ అడగలేదు.

ఒంగోల్లో నేను ఏడేళ్ళు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌ని. ఎనభై మంది ఉన్న సెక్షన్‌లో మైకు లేకుండా పాఠం చెప్పేదాన్ని, ఆఖరి బెంచీకి కూడా వినపడేది. వర్షితకి ఆరేళ్ళప్పుడు ఇంగ్లండులో ఈ న్యూకాసిల్ వచ్చాం. ఇక్కడ టీచరు కావాలంటే మన డిగ్రీ ఇక్కడి ఏ చదువుతో సమానమో కాగితం తెచ్చుకోవాలి, ఆ తర్వాత ట్రైనింగ్ చెయ్యాలి. నేను చేస్తానన్నాను. ఆయన ముందు పాప ఇక్కడ అలవాటు పడనీ అన్నారు. పాప ఏడాదిలో అలవాటు పడింది, ఆయనా నేనూ కూడా అర్థం చేసుకోలేని యాసలో ఇంగ్లీషు మాట్లాడడం మొదలెట్టింది. అప్పుడు ముందు ఇల్లు కొననీ అన్నారు. ఇల్లు కొన్నాం. ముందు నా ప్రాజెక్టు ఒక ఒడ్డుకి చేరనీ అన్నారు. ఆయన ప్రాజెక్టులు ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉంటాయి. మూడేళ్ళ కిందట క్యాంటీన్లో ఖాళీ ఉందంటే మాత్రం ఆయనే ఫారం తెచ్చిచ్చారు. "టైమింగ్స్ బావున్నాయి. పాపతో పాటు వెళ్తావు, పాపకన్నా ముందొస్తావు. ఇంట్లో వంటకి ఇబ్బంది ఉండదు" అన్నారు. ఆ ఉద్యోగంలో ఆయనకి కనిపించిన గొప్ప అదొక్కటే.

చేరిన మొదటి వారంలో వర్షిత నా మంచం మీద కూర్చుని, నొచ్చుకోవద్దని ముందే చెప్పి, స్కూల్లో తనని చూసి హాయ్ అనొద్దంది. తెలుగులో అయితే అసలే వద్దంది. పన్నెండేళ్ళ పిల్ల, సిగ్గు పడుతోందనుకుని నవ్వి సరేలే అన్నాను. నా జీవితంలో నేనన్న సరేలేలన్నిటిలో ఇప్పటికీ నన్ను వదలనిది అదే. ఇప్పుడు దానికి పదిహేను. మూడేళ్ళుగా ప్రతి మధ్యాహ్నం ట్రే తోసుకుంటూ నా కౌంటరు ముందుకొస్తుంది. పాస్తానా, తొక్కతో కాల్చిన జాకెట్ పొటాటోనా అని ఇంగ్లీషులో అడుగుతాను. పాస్తా ప్లీజ్ అంటుంది. చీజ్ ఒక గుప్పెడు ఎక్కువ వేస్తాను. థాంక్యూ అని నా వైపు చూడకుండా వెళ్ళిపోతుంది. క్యాంటీన్ పెద్ద డెనీస్ ఒకరోజు ఆ అమ్మాయి చూడు ఎంత మర్యాదస్థురాలో అంది. నా కూతురేనని చెప్పాను, ఈ ఏర్పాటు సంగతి జోకులాగా చెప్పాను. డెనీస్ నవ్వలేదు. "ఓ, పెట్" అంది. ఈ ఊళ్ళో ముద్దుగా అందరినీ పెట్ అనే పిలుస్తారు. అయినా ఆ రోజు నాకు గిన్నెలు తోమే గదిలోకి వెళ్ళి కాసేపు నిలబడాల్సొచ్చింది.

ఇంట్లో మాత్రం వర్షిత నాది. ఇయర్ నైన్‌లో ఫిజిక్స్ అంటే ఏడ్చేది. కరెంటు ఎటు పోతుందో, రెసిస్టెన్స్ ఎందుకు తగ్గుతుందో దానికి తలకెక్కేది కాదు. ఒక ఆదివారం పప్పు కుక్కర్లో పెట్టి దాని పక్కన కూర్చున్నాను. మీ క్యాంటీన్లో ఒక్క కౌంటరే తెరిచి ఉంటే క్యూ ఎలా ఉంటుంది అని అడిగాను. కదలదు అంది. పక్కన డెనీస్ రెండో కౌంటరు తెరిస్తే? త్వరగా కదులుతుంది. ప్యారలల్ సర్క్యూట్ అంటే అదే, దారి ఇంకోటి ఇస్తే అడ్డు తగ్గుతుంది అన్నాను. దాని కళ్ళు పెద్దవయ్యాయి. ఆ వెలుగు నేను ఒంగోల్లో వదిలేసి వచ్చాననుకున్నాను. అప్పటినుంచి ప్రతి ఆదివారం పది నుంచి పన్నెండున్నర వరకు డైనింగ్ టేబుల్ మీద మా ఇద్దరి క్లాసు. మా ఆయన ఆ టైములో సోఫాలో క్రికెట్ చూస్తూ, మధ్యమధ్యలో "అర్థమవుతోందా నాన్నా" అని ఒక కేక వేసేవారు. అత్తయ్య వచ్చిన దగ్గర్నుంచి టేబుల్ ఆ చివర కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తూ వినేవారు.

బహుమతి పొందిన పిల్లలందరికీ స్కూలు ఒక కార్డు ఇచ్చింది. మీ విజయంలో ఎవరికి కృతజ్ఞతలు చెప్పాలనుకుంటున్నారో రాయమంది. సభలో హెడ్ టీచరు అది చదువుతారు, ఆ పేరున్న మనిషిని కూడా స్టేజి మీదకి పిలిచి ఫొటో తీస్తారు. ఇది వాళ్ళు ప్రతి ఏడూ చేసేదే. వర్షిత ఆ కార్డు రాస్తున్నప్పుడు నేను టేబుల్ తుడుస్తున్నాను. చేత్తో మూసేసుకుంది. నేను చూడనట్టు అటు తిరిగాను. కానీ నాకు ఆశ పుట్టింది. అబద్ధమెందుకు, చాలా ఆశ పుట్టింది. టిక్కెట్టు లేకపోతే పోనీ, కార్డు మీద నా పేరుంటే వెనక తలుపు దగ్గర్నుంచి స్టేజి దాకా నడుస్తాను కదా అనుకున్నాను. ఏప్రన్ కింద మంచి కుర్తా వేసుకోవాలనుకున్నాను. బుధవారం తలకి రంగు కూడా వేసుకున్నాను.

గురువారం ఆరు గంటలకి ఎండ ఇంకా కిటికీల్లోంచి పడుతోంది. కప్పులు వరసగా పేర్చి, కేకు ముక్కలు కోసి, బాయిలర్ ఆన్ చేశాం. ఇయర్ టెన్ వంతు వచ్చేసరికి డెనీస్ నా భుజం తట్టి, ఇక్కడ నేను చూసుకుంటా, నువ్వు పో అంది. హాలు వెనక తలుపు తీసుకుని నిలబడ్డాను. ఏప్రన్ విప్పి చేతిలో పట్టుకున్నాను. మా ఆయన చెప్పారని కాదు, అప్పుడు నేను స్టేజికి వెళ్ళే మనిషిని. మూడో వరసలో ఆయన నీలం చొక్కా, పక్కన అత్తయ్య పట్టుచీర. వెనక వరసలో ప్రసన్న వాళ్ళు. సిరికి నూరు శాతం హాజరు సర్టిఫికెట్టు వచ్చింది, ప్రసన్న ఫోను ఎత్తి వీడియో తీసింది గానీ మొహంలో పెద్ద సంతోషం లేదు.

వర్షిత పేరు పిలిచారు. దాని నడకే చూస్తున్నాను. ఎప్పుడు ఇంత పొడుగైందో. హెడ్ టీచరు కార్డు తీసి చదివింది. "మా నాన్నకి. నాకు అర్థమయ్యేదాకా ఓపిగ్గా మళ్ళీ మళ్ళీ చెప్పినందుకు."

చప్పట్లు. మా ఆయన వెంటనే లేవలేదు. అటూ ఇటూ చూశారు. ఒక్క క్షణం ఆయన వెనక్కి, తలుపు వైపు తిరుగుతారేమో అనుకున్నాను. తిరగలేదు. చొక్కా సర్దుకుని స్టేజి ఎక్కారు. కూతురి భుజం మీద చెయ్యి వేశారు. ఫొటో తీశారు. నేను కూడా చప్పట్లు కొట్టాను. అందరూ కొడుతుంటే నా చేతులు కూడా కొట్టాయి. తర్వాత ఏప్రన్ కట్టుకుని టీ బల్ల దగ్గరికి వచ్చేశాను. డెనీస్ నా మొహం చూసి చక్కెర పొట్లాలు నా వైపు జరిపింది.

కాసేపటికి జనమంతా బయటికొచ్చారు. మా ఆయనతో పాటు ఫిజిక్స్ టీచరు మిస్టర్ హోల్డెన్ కూడా నడుచుకుంటూ నా బల్ల ముందుకే వచ్చాడు. మంచివాడు, టీ తీసుకుంటూ నాకు థాంక్స్ చెప్పి ఆయన వైపు తిరిగాడు. వర్షిత పరీక్షలో ప్యారలల్ సర్క్యూట్‌కి క్యాంటీన్ క్యూ ఉదాహరణ రాసిందట. అది తనకి ఎంత నచ్చిందంటే ఇప్పుడు అన్ని క్లాసుల్లో అదే చెబుతున్నాడట. ఇంట్లో మీరు చెప్పిందే కదా అని అడిగాడు. నేను కప్పు కింద సాసరు పెడుతున్నాను. ఆయన జవాబు కోసం నేనూ ఆగాను.

"పిల్లలకి తెలిసిన విషయాలతో చెబితే తేలిగ్గా ఎక్కుతుంది" అన్నారు ఆయన ఇంగ్లీషులో.

హోల్డెన్ తలూపి, వర్షిత అమ్మ కూడా వచ్చారా అని అడిగాడు. ఆవిడ పనిలో ఉంది అన్నారు మా ఆయన. నేను అందించిన కప్పు అందుకుని నాకు థాంక్యూ చెప్పారు. మళ్ళీ అబద్ధం కాదు. నేను పనిలోనే ఉన్నాను, ఆయనకి జానెడు దూరంలో. ఆయన పక్కన నిలబడ్డ అత్తయ్యకి ఆ ఇంగ్లీషు ఎంత అర్థమైందో తెలియదు. కేకు ముక్క కోసం వంగినట్టు వంగి, "చెప్పేది నువ్వు గదే. వాడెందుకు పోయాడు పైకి?" అని మెల్లగా అడిగారు. కేకు పెట్టిచ్చాను.

లోపల కప్పులు కడుగుతుంటే వర్షిత వచ్చింది. చేతిలో గాజు బహుమతి, చంకలో సర్టిఫికెట్టు. గుమ్మం దాటకుండా మమ్ అంది. కార్డు మీద ముందు నా పేరే రాశానంది. తర్వాత కొట్టేశానంది. మాట్లాడేదంతా ఇంగ్లీషులోనే, గబగబా, కాలి బూటుతో గుమ్మాన్ని పొడుస్తూ. "నీ పేరు చదివితే నువ్వు పైకి రావాలి కదా. అందరూ ఉంటారు. నువ్వు... దాంతో" అని నా ఏప్రన్ వైపు చూపించింది. కళ్ళల్లో నీళ్ళు. సారీ మమ్ అంది.

దానిమీద నాకు కోపం రావాలి. రాలేదు, భయం వేసింది. ఇది ఎక్కడ నేర్చుకుందని వెతకబోతే చాలా దూరం వెళ్ళక్కర్లేకపోయింది. అమ్మ పని కనపడకూడదని నాన్న దగ్గర నేర్చుకుంది, కనపడకుండా ఉండడానికి ఒప్పుకోవచ్చని నా దగ్గర నేర్చుకుంది. మూడేళ్ళు రోజుకోసారి, గుప్పెడు చీజ్ ఎక్కువేసి మరీ నేర్పాను. రేపు ఇదే పిల్ల ఎక్కడో ఒక ఆఫీసులో తన పని ఇంకొకరి పేరు మీద చదువుతుంటే చప్పట్లు కొడుతుంది, పర్వాలేదంటుంది. ఇప్పుడు కూడా గుమ్మంలో నిలబడి ఆ మాట కోసమే చూస్తోంది. నేను పర్వాలేదు అంటే దాని ఏడుపు ఆగిపోతుంది, ఇద్దరం కౌగిలించుకుంటాం, రేపట్నుంచి మామూలే. నా నాలుక చివరికి వచ్చింది కూడా.

"నాకు చాలా బాధేసింది వర్షితా" అన్నాను తెలుగులో, ఒంగోల్లో పాఠం చెప్పే గొంతుతో. "నువ్వు చేసింది తప్పు. నేను సరేనన్నది కూడా తప్పే."

అది బిత్తరపోయింది. కౌంటరు కిటికీ అవతల ఎవరైనా విన్నారేమోనని ఒకసారి అటు చూసింది. అలా చూసినందుకు మళ్ళీ సిగ్గుపడింది. నేను దగ్గరికి తీసుకోలేదు. అలా ఉండడం అంత తేలిగ్గా లేదు. చేతులు సబ్బు నీళ్ళలో పెట్టి మిగిలిన కప్పులు కడిగాను. అది అక్కడే చాలాసేపు నిలబడి, తర్వాత నాయనమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది.

పని ముగించి బయటికి వచ్చేసరికి కార్ పార్కులో అందరూ నాకోసం ఆగి ఉన్నారు. బాలాజీ కుటుంబం కూడా ఉంది. మా ఆయన చాలా హుషారుగా ఉన్నారు. "వాళ్ళని భోజనానికి రమ్మన్నాను, ఇంట్లో ఏముందో చూసి చకచకా రెండు కూరలు చేసెయ్" అన్నారు నాతో. ఆయనకి ఏం జరిగిందో తెలియదని కాదు. తెలుసు. కారు తాళం చేతిలో తిప్పుతూ నా కళ్ళలోకి చూడలేదు. నేను ఎప్పట్లాగే మింగేస్తానని, రాత్రికి పులిహోర కలుపుతానని ఆయన నమ్మకం. పదిహేడేళ్ళలో ఆ నమ్మకాన్ని నేను ఒక్కసారీ వమ్ము చెయ్యలేదు మరి.

ప్రసన్న సిరి భుజం పట్టుకుని ముందుకి తోసింది. "అన్నయ్యగారూ, మా సిరికి కూడా మీరే కాస్త ఫిజిక్స్ చెప్పాలండీ. ఇక్కడ ట్యూషన్లు ఎవరు చెప్తున్నారో ఏంటో. మీలా ఓపిగ్గా చెప్పేవాళ్ళు కావాలి. ఆదివారాలు పంపిస్తా, వర్షితతో పాటు కూర్చుంటుంది."

మా ఆయన చెయ్యి ఆగింది. కారు తాళం చప్పుడు ఆగింది. ఆయన ఎమ్సీయేలో చేరకముందు చదివింది బీకాం. రెసిస్టెన్స్ అంటే ఆయనకి తెలిసింది క్రికెట్లో చివరి వికెట్ భాగస్వామ్యం ఒక్కటే. అయినా ఒక్క క్షణమే. వెంటనే నవ్వేశారు. "దాందేముందమ్మా. పంపించండి. ఇద్దరూ కలిసి చదువుకుంటారు" అన్నారు. అంటూ నావైపు ఓరగా ఒక చూపు చూశారు. ఆ చూపు నాకు బాగా తెలుసు. చుట్టాలు చెప్పకుండా వచ్చినప్పుడు చూసేది, ఆఫీసు వాళ్ళని పదిమందిని పిలిచినప్పుడు చూసేది. నేను మాటిచ్చాను, నువ్వు చూసుకో అని దానికి అర్థం. సిరిని టేబుల్ దగ్గర కూర్చోబెట్టి నేను చెబుతుంటే ఆయన సోఫాలోంచి అర్థమవుతోందా అని కేక వేస్తారు. సంవత్సరం తిరిగేసరికి సిరి కార్డు మీద కూడా ఆయన పేరే ఉంటుంది.

వర్షిత గాజు బహుమతిని రెండు చేతులతో పట్టుకుని మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

"తప్పకుండా పంపించు ప్రసన్నా" అన్నాను. "ఆదివారం పదింటికల్లా వచ్చెయ్యమను. ఆయనే చెప్తారు. నేను ఇకనుంచి ఆదివారాలు ఇంట్లో ఉండడం లేదు."

ప్రసన్న సంతోషంగా తలూపింది. మా ఆయన నోరు తెరిచి, బాలాజీ వాళ్ళు ఉన్నారని మూశారు. అత్తయ్య అడిగారు.

"ఎక్కడికి పోతావే?"

"ఇంకా అనుకోలేదత్తయ్యా" అన్నాను. "మీరూ వస్తారా?"